టాన్సిల్స్‌కు శస్త్రచికిత్స: ఎవరికి అవసరం, ఎవరికి అనవసరం?

“గొంతులో గెడ్డలు పెరిగిపోనాయి, కోయించీమంటన్నారు బాబూ. కోయించీమంతారా, మానీమంతారా?”

శ్రీకూర్మం చుట్టుపక్కల పల్లెలనుండి పిల్లలను వెంటబెట్టుకొని వచ్చే తల్లులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఇది. ఆయుర్వేద వైద్యుడను గనుక “కోయించవద్దు” అనే మాటనే వారు నానుండి ఆశిస్తారు. ఆ మాట వినడానికే వస్తారని చెప్పినా తప్పు లేదు. కాని ఈ ప్రశ్నకు అందరికీ ఒకే సమాధానం లేదు. కొందరు పిల్లలకు ఆ శస్త్రచికిత్స శుద్ధ అనవసరం. కొందరికి దానిని వాయిదా వేయడమే అపకారం. ఎవరు ఏ కోవకు చెందుతారో తెలుసుకొనే మార్గాన్ని పాఠకులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

నోరు బాగా తెరిచి చూచినప్పుడు కొండనాలుకకు ఇరువైపులా, నాలుక మొదట్లో కనిపించే రెండు మాంసపు ముద్దలే టాన్సిల్స్. వీటిని గలగ్రంథులు అంటాము. జనం వాడుకలో వీటికీ, దవడ క్రింద చేతికి తగిలే బిళ్ళలకూ కలిపి “గవదలు” అనే పేరు ఉన్నది. నిజానికి ఇవి రెండూ వేరు. నోటిద్వారా, ముక్కుద్వారా ప్రవేశించే సూక్ష్మజీవులను మొదట ఎదుర్కొని, వాటిని గుర్తుపెట్టుకొనే పని టాన్సిల్స్‌ది. ఆ పని చిన్నతనంలో ఎక్కువ. అందువల్లనే మూడు నుండి ఏడు సంవత్సరాల వయస్సులో ఇవి పెద్దవిగా ఉండి, యౌవనారంభంనుండి క్రమంగా కుంచించుకుపోతాయి. అయిదేళ్ళ పిల్లవాని గొంతులో పెద్ద టాన్సిల్స్ కనిపించడం ఆ వయస్సుకు సహజం. అది ఒక్కటే వ్యాధి లక్షణం కాదు.

సుశ్రుతుడు ఏమన్నాడు?

ఆయుర్వేదంలో టాన్సిల్స్ వాపుకు దగ్గరగా ఉన్న వ్యాధి తుండికేరి. సుశ్రుత సంహితలో ఇది దవుడలో, అనగా తాలువులో, పుట్టే రోగాలలో ఒకటి. వాగ్భటుడు దీనిని కంఠరోగాలలో చేర్చి, దవడ కీలు దగ్గర పత్తికాయవంటి వాపుగా వర్ణించాడు. అమరకోశంలో తుండికేరి అనే పేరు దొండకూ ఉన్నది, పత్తికీ ఉన్నది. పండిన దొండకాయను, పగలని పత్తికాయను మనసులో ఉంచుకొని వాచిన టాన్సిల్‌ను చూచినవారికి ఆ పేరు ఎందుకు వచ్చినదో వేరుగా చెప్పనవసరం లేదు. అదే తాలురోగాల పట్టికలో కచ్ఛపమనే వ్యాధి కూడా ఉన్నది. తాబేలు వీపువలె ఉబికి ఉండే వాపు అది. కూర్మనాథుని సన్నిధిలో వైద్యం చేసేవానికి ఆ పేరు కంటబడినప్పుడల్లా ముచ్చటగా ఉంటుంది.

అసలు విషయం ఏమంటే, సుశ్రుతుడు తుండికేరిని మందులతో మాత్రమే నయం చేయమనలేదు. సూత్రస్థానంలో శస్త్రంతో భేదించదగిన వ్యాధులను చెప్పేచోట దీనిని పేర్కొన్నాడు. కొండనాలుక పెరిగిన గలశుండికను కోసే విధానం చెప్పుతూ, ఎక్కువ కోస్తే రక్తం పోయి మరణం సంభవిస్తుందని, తక్కువ కోస్తే వాపు, లాలాస్రావం మొదలైన బాధలు మిగులుతాయని హెచ్చరించాడు. కనుక “ఆయుర్వేదం కోతకు వ్యతిరేకం” అనే మాట శాస్త్రం తెలియనివారి మాట. శస్త్రకర్మ ఎప్పుడు, ఎంతవరకు అన్న విచారణయే శాస్త్రం.

తొందరపాటు మనదొక్కటే కాదు

1934లో న్యూయార్కు నగరంలో పదకొండేళ్ళ వయస్సుగల వేయిమంది బడిపిల్లలను పరీక్షించారు. వారిలో 611 మందికి అప్పటికే టాన్సిల్స్ తీసివేసి ఉన్నారు. మిగిలిన 389 మందిని వైద్యులకు చూపగా 174 మందికి శస్త్రచికిత్స అవసరమన్నారు. అవసరం లేదన్న 215 మందిని వేరే వైద్యులకు చూపగా, వారు మరల 99 మందిని ఎంచారు. మిగిలిన 116 మందిని మూడవసారి చూపగా 51 మందికి తీయవలెనన్నారు. వేయిమందిలో చివరకు ఎవరూ కోయమనని పిల్లలు 65 మంది మాత్రమే! పిల్లల గొంతులు ప్రతిసారీ మారలేదు. చూచిన ప్రతి వైద్యుడూ తన ముందున్న పిల్లలలో సుమారు సగంమందిని ఎంచడం అలవాటు చేసుకొన్నాడు, అంతే.

1938లో ఇంగ్లండులో గ్లోవర్ అనే వైద్యాధికారి బడిపిల్లల లెక్కలు తీసినప్పుడు, ఒక ప్రాంతానికీ పక్క ప్రాంతానికీ శస్త్రచికిత్సల సంఖ్యలో ఎన్నో రెట్లు తేడా కనిపించినది. హార్న్సీ అనే చోట బడి వైద్యాధికారి మారగానే ఆ సంఖ్య పదవ వంతుకంటె తక్కువకు పడిపోయినది. దానివల్ల పిల్లలకు కీడు జరిగిన దాఖలా లేదు. ఈ వృత్తాంతాన్ని ఇంత విస్తరించి చెప్పడానికి కారణం, ఒక్క వైద్యుడు గొంతులోకి ఒక్కసారి దీపం వేసి చూచి నిర్ణయించదగిన విషయం ఇది కాదని పాఠకులు గ్రహించడానికే.

లెక్క ఎలా పెట్టుకోవలెను?

ఆ తరువాతి కాలంలో ఒక కొలత ఏర్పడినది. అమెరికాలోని పిట్స్‌బర్గులో ప్యారడైజ్ అనే పిల్లల వైద్యుడు, ఆయన సహచరులు 1984లో ప్రచురించిన పరిశోధన దీనికి మూలం. నేటికీ చెవి, ముక్కు, గొంతు వైద్యులు దీనినే ప్రమాణంగా చూస్తున్నారు. గడచిన ఒక్క సంవత్సరంలో ఏడు లేదా అంతకుమించి సార్లు, లేదా వరుసగా రెండేళ్ళు ఏడాదికి అయిదు సార్ల చొప్పున, లేదా వరుసగా మూడేళ్ళు ఏడాదికి మూడు సార్ల చొప్పున గట్టిగా గొంతువాపు వచ్చిన పిల్లలకు శస్త్రచికిత్సను ఆలోచించవచ్చును. ఆలోచించవచ్చును అన్నాను గాని, చేయించి తీరవలెనని కాదు.

ఇక్కడ “గట్టిగా” అన్న మాట ముఖ్యం. గొంతునొప్పితోపాటు 101 డిగ్రీల పైన జ్వరం, మెడ ముందుభాగంలో నొప్పిగల బిళ్ళలు, టాన్సిల్స్‌పై చీము పొర, స్ట్రెప్టోకోకస్ క్రిమి ఉన్నట్లు పరీక్షలో తేలడం, ఈ నాలుగింటిలో కనీసం ఒకటి ఉన్న దఫానే లెక్కలోనికి తీసుకోవలెను. ముక్కు కారడం, తుమ్ములు, దగ్గు, గొంతు బొంగురు పోవడం ప్రధానంగా ఉన్నవి మామూలు జలుబులు. టాన్సిల్స్ తీసినా అవి మానవు.

“ఏడాదికి పదిసార్లయినా వస్తుందండీ” అని తల్లి చెప్పుతుంది. “మూడుసార్లేనే!” అని తండ్రి అంటాడు. జ్ఞాపకం నమ్మదగినది కాదు. అందుచేత నేను ఒక పని చెప్పుతాను. గోడకున్న క్యాలెండరుపై గొంతునొప్పి వచ్చిన ప్రతి తేదీ దగ్గర జ్వరమెంతో, ఎన్ని రోజులున్నదో, బడి ఎన్ని రోజులు మానినదో, ఏ మందు వాడినారో వ్రాయవలెను. జ్వరం చేయి తాకి కాక థర్మామీటరుతో చూడవలెను. ఇట్లు ఒక సంవత్సరం వ్రాసిన కుటుంబాలలో చాలామందికి శస్త్రచికిత్స ఆలోచన దానంతటదే సన్నగిల్లుతుంది. ఎదిగేకొద్దీ దఫాలు తగ్గడం ఈ వ్యాధి స్వభావం. లెక్క నిజంగానే ఏడు దాటినదనుకోండి, అప్పుడు ఆ క్యాలెండరే వైద్యునికి చూపదగిన అత్యుత్తమ సాక్ష్యం. బాధ తీవ్రంగా ఉన్న అట్టి పిల్లలలో శస్త్రచికిత్స తరువాత మొదటి రెండేళ్ళు గొంతువాపులు స్పష్టంగా తగ్గినట్లు అదే పరిశోధన చూపినది. బాధ అంతగా లేని పిల్లలలో కలిగే లాభం స్వల్పమని అదే వైద్యబృందం 2002లో తేల్చినది.

పెద్దవారి విషయం కొంత వేరు. బ్రిటనులో 453 మంది వయోజనులపై జరిపి 2023లో ప్రకటించిన పరిశోధనలో, టాన్సిల్స్ తీయించుకొన్నవారికి రెండేళ్ళలో గొంతునొప్పి దినాలు 23, తీయించుకోనివారికి 30. లాభం ఉన్నది. ఏడు రోజుల ఆ లాభానికి ఒక శస్త్రచికిత్స తగునా అన్నది ఎవరి బాధనుబట్టి వారు నిర్ణయించుకోవలసినది.

గొంతు నుండి గుండెకు

పిల్లల గొంతునొప్పులలో అధిక భాగం వైరస్‌లవల్ల వచ్చి, నాలుగైదు రోజులలో వాటంతటవే తగ్గేవి. నూటికి ఇరవై, ముప్పై మాత్రం స్ట్రెప్టోకోకస్ వల్ల వస్తాయి. ఆ కొద్దిలోనే ప్రమాదం దాగి ఉన్నది. ఆ క్రిమికి తగిన చికిత్స జరగనప్పుడు, రెండు మూడు వారాల తరువాత కొందరు పిల్లలలో కీళ్ళ వాపులు, జ్వరంతో కీళ్ళవాత జ్వరం వచ్చి గుండె కవాటాలను చెడగొట్టుతుంది. మన దేశంలో ఈ గుండెజబ్బు ఇంకా అంతరించలేదు. అకస్మాత్తుగా హెచ్చు జ్వరం, మ్రింగలేని నొప్పి, టాన్సిల్స్‌పై తెల్లని చీము చుక్కలు, దవడ క్రింద నొప్పి బిళ్ళలు కనిపించి, దగ్గు, జలుబు లేకుండా ఉంటే వైద్యునికి చూపవలెను. స్ట్రెప్టోకోకస్ అని తేలితే పెన్సిలిన్ జాతి మందును, జ్వరం మూడవ రోజున తగ్గినా సరే, పది రోజులూ వాడవలెను. లక్షణాలు మొదలైన తొమ్మిది రోజులలోపు మొదలుపెట్టినా గుండెకు రక్షణ లభిస్తుంది. ఈ స్థితిలో కషాయాలతో కాలం గడపడం సరి కాదని నేను నిష్కర్షగా చెప్పుతాను. కషాయం నొప్పిని తగ్గిస్తుంది గాని గుండెను కాపాడుతుందని చెప్పడానికి ఆధారం లేదు.

ఇంకొక అపోహ రక్తంలో ఏ.ఎస్.ఓ. పరీక్ష గురించినది. ఆ సంఖ్య పెరిగి ఉండడం, పూర్వం ఎప్పుడో ఆ క్రిమి సోకినదని మాత్రమే తెలుపుతుంది. కాగితంపై అంకెను చూచి టాన్సిల్స్ కోయించడమో, పిల్లవానికి నెలల తరబడి ఇంజెక్షన్లు పొడిపించడమో తగదు. కీళ్ళవాత జ్వరం నిజంగా వచ్చిన పిల్లవానికి మూడు వారాలకు ఒకసారి ఇచ్చే పెన్సిలినే రక్షణ. టాన్సిల్స్ తీసివేసినంత మాత్రాన ఆ ఇంజెక్షన్లు మానరాదు.

నిద్రలో ఊపిరి

పైన చెప్పిన లెక్కతో నిమిత్తం లేకుండా శస్త్రచికిత్సను కోరే పరిస్థితి ఒకటున్నది. టాన్సిల్స్, వాటితోపాటు ముక్కు వెనుకనుండే ఎడినాయిడ్స్ పెరిగి నిద్రలో గాలిదారిని అడ్డగించడం. పిల్లవాడు రోజూ బిగ్గరగా గురక పెట్టుతాడు. గురక నడుమ కొన్ని క్షణాలు ఊపిరి ఆగి, తరువాత ఉలిక్కిపడి గట్టిగా పీల్చుకొంటాడు. మెడ వెనుకకు వంచి, నోరు తెరిచి పడుకొంటాడు. మానిన పక్క తడపడం మరల మొదలుపెట్టవచ్చును. పగలు చిరాకు, చదువుపై నిలకడలేమి, కొందరిలో ఎదుగుదల లోపం కనిపిస్తాయి. “మా వాడు మొద్దునిద్ర పోతాడు, గురక పెట్టుతాడు” అని పెద్దలు మురిసిపోతూ చెప్పడం నేను విన్నాను. అది మొద్దునిద్ర కాదు, నిద్రలేమి!

2013లో అమెరికాలో ప్రకటించిన పరిశోధనలో ఇట్టి పిల్లలు 464 మందిని రెండు వర్గాలు చేశారు. ఏడు నెలల తరువాత నిద్ర పరీక్ష సాధారణ స్థితికి వచ్చినవారు శస్త్రచికిత్స పొందిన వర్గంలో నూటికి 79 మంది, వేచి ఉన్న వర్గంలో 46 మంది. వేచి ఉన్నవారిలో కూడా సగంమందికి దగ్గరగా తగ్గడం గమనించదగినదే. కనుక బాధ కొద్దిగా ఉన్న పిల్లవానిని కొన్ని నెలలు పరిశీలించవచ్చును. ఊపిరి ఆగడం స్పష్టంగా ఉన్నవానికి ఆలస్యం చేయరాదు. సెల్‌ఫోనులో పిల్లవాని నిద్రను అయిదు నిమిషాలు చిత్రించి వైద్యునికి చూపడం మాటలకంటె మేలు.

టాన్సిల్ చుట్టూ చీము గడ్డ మరల మరల కట్టడం మరొక కారణం. ఒకవైపు టాన్సిల్ మాత్రమే పెరుగుతూ పోవడం అన్నిటికంటె జాగ్రత్తగా చూడవలసినది. పెద్దవారిలో అది క్యాన్సరు కావచ్చును. ముక్క తీసి పరీక్షించవలెను.

ఈ సందర్భంలో మన ప్రాంతపు విషయం ఒకటి చెప్పక తప్పదు. అడ్డపొగ, అనగా చుట్టను నిప్పు ఉన్న కొస నోటిలో పెట్టుకొని త్రాగే అలవాటు, శ్రీకాకుళం తీరపు స్త్రీలలో చిరకాలంగా ఉన్నది. ఈ జిల్లా పల్లెలలో 10,169 మందిని పరీక్షించి, అడ్డపొగవల్ల అంగుటిలో కలిగే మార్పులను వివరించిన పరిశోధన 1971లో వెలువడి ప్రపంచ దంతవైద్య గ్రంథాలకెక్కినది. అంగుడు తెల్లబడడం, ఎర్రని మచ్చలు, మానని పుండు క్యాన్సరుకు దారితీయవచ్చును. అడ్డపొగ త్రాగే అవ్వ “గొంతులో గెడ్డ, ఒకపక్కే నొప్పి, చెవిలోకి లాగుతున్నది” అంటే అది మూడు వారాలకు మించి నిలిస్తే, టాన్సిల్ వాపని పుక్కిలింతలతో సరిపెట్టరాదు.

ఇక శస్త్రచికిత్సకు కారణం కానివి. టాన్సిల్స్ చూడడానికి పెద్దవిగా ఉన్నాయనడం, అన్నం సరిగా తినడం లేదనడం, బరువు పెరగడం లేదనడం, ఐసుపుల్ల తింటే గొంతు పట్టుతున్నదనడం, అన్నకు తీయించినాము గనుక తమ్మునికి కూడా తీయించేద్దామనడం, ఇవేవీ కారణాలు కావు. టాన్సిల్స్ గుంటలలో తెల్లని దుర్వాసన గల పలుకులు చేరడం కూడా సాధారణంగా పుక్కిలింతలతో సర్దుకొనేదే.

వేచి ఉండే కాలంలో

గ్లాసెడు గోరువెచ్చని నీటిలో అరచెంచా ఉప్పు వేసి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలించడం అన్నిటికంటె చవకైనది, నిరపాయమైనది. త్రిఫల చూర్ణం రెండు చెంచాలు రెండు గ్లాసుల నీటిలో వేసి ఒక గ్లాసు మిగిలేవరకు కాచి, వడగట్టి, గోరువెచ్చగా పుక్కిలించవచ్చును. వగరు గుణంవల్ల గొంతుకు హాయి కలుగుతుంది. ఆరేళ్ళలోపు పిల్లలకు పుక్కిలించడం చేతకాదు. వారికి వెచ్చని తులసి నీరు, చిటికెడు పసుపు వేసిన పాలు చాలును. అతిమధుర చూర్ణం పావుచెంచా తేనెతో నాకించవచ్చును. ఏడాది నిండని శిశువుకు తేనె పెట్టరాదు. రక్తపోటు ఉన్న పెద్దలు అతిమధురం వాడరాదు. జ్వరానికి పారాసిటమాల్ బరువునుబట్టి వైద్యుడు చెప్పిన మోతాదులో ఇవ్వవచ్చును. పిల్లలకు ఆస్పిరిన్ వద్దు.

మెడకు సున్నం పట్టించడం, వ్రేలితో కొండనాలుకను నొక్కి “ఎత్తడం” మానవలెను. మొదటిది లేతచర్మాన్ని కాల్చుతుంది, రెండవది పుండు చేస్తుంది. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినదన్న సామెత ఊరికే పుట్టలేదు. పాదరసం, సీసం కలిసే అవకాశమున్న భస్మాలను, పేరు లేని పొడులను పిల్లలకు వాడరాదు. నా వృత్తికి చెందినవారిలో కొందరికి ఈ మాట రుచించకపోవచ్చును.

నోరు తెరవలేకపోవడం, సొల్లు కారడం, మాట ముద్దగా రావడం, నీరైనా మ్రింగలేకపోవడం, ఊపిరిలో చప్పుడు వస్తే ఇంటివైద్యం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవలెను. టాన్సిల్స్‌పై బూడిదరంగు పొర కట్టి మెడ ఉబ్బితే కంఠసర్పి, అనగా డిఫ్తీరియా, అయి ఉండవచ్చును. అది గంటల లెక్కన చూడవలసిన వ్యాధి.

శస్త్రచికిత్స నిశ్చయమైన పక్షంలో

శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోను, విశాఖపట్నంలోని ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రిలోను నిపుణులకు చూపి రెండవ అభిప్రాయం పొందవచ్చును. కదిలే పళ్ళు, కుటుంబంలో రక్తం త్వరగా గడ్డకట్టని గుణం, రక్తహీనత ఉంటే మత్తువైద్యునికి ముందుగా చెప్పవలెను. మన్యంలోని గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ రక్తవ్యాధి కనిపిస్తున్నది గనుక ఆ పరీక్ష కూడా చేయించవలెను. రక్తస్రావాన్ని పెంచగలవన్న అనుమానం ఉన్నందున గుగ్గులు కలిసిన మందులను, మందు మోతాదులో వాడే వెల్లుల్లిని రెండు వారాల ముందే ఆపవలెను.

తరువాత పది పన్నెండు రోజులు నొప్పి ఉంటుంది. చెవిపోటు కూడా వస్తుంది. గొంతులో తెల్లని పొర కట్టడం చీము కాదు, మానుతున్న పుండు. నీరు త్రాగించడమే అసలైన మందు. చల్లార్చిన చోడి అంబలి, గంజి, మజ్జిగ, మెత్తని అన్నం పెట్టవచ్చును. కోడెయిన్ కలిసిన నొప్పిమందులు, దగ్గుమందులు పిల్లలకు ఇవ్వరాదు. మా చూర్ణాలను సైతం ఆ పుండుపై అద్దరాదు.

రక్తస్రావం నూటికి ముగ్గురు నలుగురిలో కనిపిస్తుంది. మొదటి రోజున కాకపోతే, పొర ఊడే అయిదవ రోజునుండి పదవ రోజు లోపల రావచ్చును. అప్పటికి బిడ్డ ఇంటికి చేరి ఉంటుంది. శ్రీకూర్మం నుండి శ్రీకాకుళం పదిహేను కిలోమీటర్ల లోపే గాని, అర్ధరాత్రి వేళ తీరపు పల్లెనుండి బండి దొరకడం అంత సులభం కాదు. కనుక ఆ పది రోజులు దూరప్రయాణాలు, జాతరలు పెట్టుకోక, రాత్రివేళ రాగల బండివాని నంబరు వ్రాసి ఉంచుకోవలెను. 108కి కబురు చేయవచ్చును. ఎర్రని రక్తం కొంచెమే కనిపించినా, ఆగిపోయినా సరే, బిడ్డను కూర్చుండబెట్టి, తల ముందుకు వంచి, రక్తం మ్రింగకుండ ఉమ్మివేయించుతూ ఆసుపత్రికి తీసుకుపోవలెను. ఉమ్మినదానిని పారబోయక గిన్నెలో ఉంచి వైద్యునికి చూపితే, ఎంత పోయినదో ఆయనకు తెలుస్తుంది.